అవతలి గోల్ వెనక

నైట్ షిఫ్టు దిగి, రెండు చెంబులు పోసుకొని
మందమర్రిల ప్యాసింజరెక్కినం.
ఆడేటోళ్లు పదకొండు, చూసేటోళ్లం పదకొండు.
"ఎవలకన్న దెబ్బ తాకితే మనమే దిగాలె" అన్నడు గట్టయ్య.
మోకాలికి పట్టీ సుతం ఏసుకొచ్చిండు,
రిటైరై ఆరేండ్లాయె ఆయిన.

గోదారి బ్రిడ్జి మీద తలా ఒక రూపాయి.
ఖలీల్ రెండేసిండు.
ఒకటి గెలుపుకట,
ఇంకోటి పెనాల్టీల దాక పోవద్దని.

కాజీపేట రైల్వే గ్రౌండు.
గేటు కాడి పిలగాడు మా అంగీలు చూడలే,
కండ్లు చూసిండు.
ఎన్ని తీర్ల కడిగినా రెప్పల మొదట్ల
కాటుక లెక్క బొగ్గు ఉంటది మాకు.
ఏం అడుగకుండనే చెయ్యి చూపెట్టిండు:
అటు.

అటంటే ఎండ.
అటంటే ఉచ్చ వాసన గోడ,
గోల్ వెనక సున్నం రాలిన రెండు మెట్లు.
షామియానా వాళ్లది, కుర్చీలు వాళ్లయి, మైకు వాళ్లది.
మైకుల మా ఊరు మందామరి అయ్యింది,
కొంచెంసేపు మందమూరు అయ్యింది.
హాఫ్ టైం దాక మా పేరు మాకు దొర్కలే.

నేను సర్దారును.
మూడొందల మీటర్ల లోతున
హాలేజీ చప్పుడు మీదికెల్లి మనిషిని
పేరు వెట్టి పిల్చేటోన్ని.
ఈడ "పోశం!" అని ఒర్లుతె
నా గొంతు నాకే సన్నగ వినవడ్డది,
కొత్త బడిల హాజరు పలికినట్టు.

పక్కకు ఒక ముసలాయన వచ్చి కూసున్నడు.
వాళ్లాయినే. లోకో షెడ్డుల ఫిట్టరట.
"ఆడ మైకు లొల్లి. ఈడైతే ఆట కనవడ్తది" అని
పల్లికాయ పొట్లం మా నడుమ వెట్టిండు.
వాళ్లు గోలేసినప్పుడు గ్రౌండు గ్రౌండంత లేచింది,
ఆయిన లేవలే.
ఒక కాయ ఒలిచి నా చేతుల వెట్టిండు,
చావింటి ముంగట బీడీ ఇచ్చినట్టు.

డెబ్బయ్యో నిమిషం పోశం కొట్టిండు.
ఎడమ కాలు, నేలకు రాసి.
రెండు వేల నోర్లు ఒక్కసారే మూతవడ్డయి.
ఆ నిశ్శబ్దం, ఎట్ల చెప్పాలె,
బాయిల బ్లాస్టింగు అయినంక
పొగ పోయేదాక అందరం ఆగుతం సూడు, అసొంటిది.
దాంట్ల మా పదకొండు గొంతులు.
కేక షెడ్డు గోడకు తాకి
ఇరవై రెండై మర్లొచ్చింది.
గట్టయ్య మోకాలు మర్సిపోయి దుంకిండు.

ఆఖరికి పెనాల్టీలే అయినయి.
రెండో రూపాయి గోదారికి అందలేదేమో.

పోశం తన్నిన బంతి బారు మీదికెల్లి,
మా నెత్తి మీదికెల్లి, గోడ మీదికెల్లి పోయి
సిగ్నల్ కు ఆగిన గూడ్సుల పడ్డది.
బొగ్గు డబ్బా.
మాదే. మొన్నటి సెకండ్ షిఫ్టుది కావచ్చు,
పోశం హాలేజీ తాడే పైకి గుంజి ఉండొచ్చు దాన్ని.
సిగ్నల్ పచ్చగైంది.
బొగ్గు కుప్ప మీద కూసోని బంతి
విజయవాడ దిక్కు పోయింది.
ఎవలూ దాన్ని ఏ ఊరని అడుగలే.

చీకటి వడ్డది. గ్రౌండ్ల లైట్లు వెలిగినయి.
ఆ వెలుతురు దిక్కు చూసి
నేనేం అనలే.

ముసలాయన మిగిలిన పల్లికాయలు
పొట్లం మలిచి గట్టయ్య జేబుల కుక్కిండు.
"వచ్చే ఏడు మేమొస్తం మీ దిక్కు.
మీ గ్రౌండ్ల ఎండ ఏ పక్క ఉంటది?"
"అన్ని పక్కల" అన్న.

రైల్ల పోశం కిటికీకి తల ఆనిచ్చి కూసున్నడు.
హసన్‌పర్తి పోయింది, ఉప్పల్ పోయింది,
ఎవ్వరం ఆయిన దిక్కు చూడలే.
జమ్మికుంట దాటినంక మెల్లగ అడిగిండు:
"ఆ బంతి ఎవలదిరా?"

"రైల్వేవాళ్లదే" అన్నడు ఖలీల్,
"కొత్తది. ఇయ్యాల్నే తీసిండ్రు."

అప్పుడు నవ్విండు.