లేని కుర్చీ

ముందు పోయింది ఎడమపక్క అద్దం.
పగల్లేదు, ఊడిపోలేదు.
బస్సుకు అది ఉంది, నాకే లేదు.
ఆలూరు రోడ్డులో కొర్రచేను అంచున
గొర్రెల మంద
బానెట్టు కిందికి వచ్చేదాకా కనబడలేదు.
బ్రేకు తొక్కినా.
వెనక ఎవరిదో ఉగ్గాని పొట్లం ఒలికింది,
ఒకమ్మ నా వంశాన్ని తిట్టింది.
గొర్రెలన్నీ బతికినాయి.
ఆ రాత్రి ఆదోని డిపోలో బండి పెట్టి
లాగ్‌షీటులో నేనే రాసినా:
డ్రైవరుకు చూపు తక్కువైంది, బండి ఇయ్యొద్దు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
మిషను మీద గడ్డం ఆనించుకొని కూచుంటే
డాక్టరు నీటికాసులన్నాడు.
పోయింది రాదు, ఉన్నది కాపాడుకో.
ఇరవైరెండేండ్ల సర్వీసు
ఒక ముద్రలో పట్టింది: అన్‌ఫిట్.

"నీ మంచికే చెప్తాండా ఉరుకుందప్పా"
అన్నాడు సూపర్నెంటు, కాగితం ముందుకు జరిపి.
కండ్లకు ఆనించుకొని కూడబలుక్కున్నా.
స్వ. చ్ఛం. ద.
స్వచ్ఛంద విరమణ.
నా ఇష్టాన్ని నాకంటే ముందే
ఎవరో టైపు కొట్టినారు.
పెన్ను మూత గూడా తీసి పెట్టినాడు పుణ్యాత్ముడు.

సంతకం పెట్టలేదు. అది ధైర్యం కాదు,
ఇంటికాడ ఈరమ్మకు ఏమని చెప్పాల్నో తెలీక.

కండక్టరు షేకున్‌బీ,
నా బండిలో ఆరేండ్లు బెల్లు కొట్టినామె,
కొడుకు లా పుస్తకంలోంచి
ఒక పేజీ జిరాక్సు తెచ్చింది.
టీకొట్టు బెంచీ మీద సెల్లు లైటేసి
దినం కలెక్షను అప్పజెప్పినట్టు
ఆగి ఆగి చదివింది.

రెండువేల పదహారు చట్టం, ఇరవయ్యో సెక్షను.
కొలువులో ఉండగా వైకల్యం వచ్చినోణ్ణి
తీసెయ్యగూడదు. హోదా తగ్గించగూడదు.
ఆ పని చేతగాకుంటే ఇంకో పనికి మార్చాల,
అదే జీతం మీద.
యాడా ఖాళీ లేకుంటే
లేని పోస్టు ఒకటి పుట్టించాల,
సరైంది దొరికేదాకా,
లేదంటే రిటైరయ్యే దినం దాకా.

"ఆ లేని పోస్టు ముక్క
మళ్ళా చదువు" అన్నా.
చదివింది.
"ఇంకొక్కసారి."
టీ చల్లారి మీగడ కట్టింది.
నా పేరు తెలీనోళ్ళు,
ఆదోని ఏ దిక్కునుందో తెలీనోళ్ళు
లేని కుర్చీ ఒకటి నాకోసం
ఎప్పుడో రాసి పెట్టినారంటే నమ్మబుద్ధి కాలేదు.
ఆ నాలుగు వాక్యాల కోసం
చక్రాల బండ్ల మీద, చంకకర్రల మీద
ఎందరు ఏ ఎండల్లో కూచునింటారో.

అర్జీ పెట్టినా. రసీదు అడిగినా.
"ముద్ర లేని కాగితం
టిక్కెట్టు లేని ప్రయాణమన్నా"
అడిగేది ఆమే నేర్పింది.
పద్నాలుగు నెలలు.
వాయిదా వాయిదాకూ విజయవాడకు
ఇంకొకరు నడిపే బస్సులో,
రాత్రంతా నా కుడికాలు
లేని బ్రేకును తొక్కుతానే ఉన్నింది.

ఆర్డరు వచ్చింది.
టైర్ల షెడ్డు మూలన కుర్చీ వచ్చింది.
దానికి నంబరుంది, జీతముంది,
పని లేదు.
కొత్త మెకానిక్కు పిల్లోళ్ళు
నన్ను సెక్షన్ ఇరవై అంటారు, ముఖం మీదనే.
నేనూ నవ్వుతా.
మధ్యాన్నం క్యారియరు ఒక్కణ్ణే విప్పుకుంటా.

మొన్న మాపటేల కర్నూలు బండి గేటు దాటుతుంటే
మూడో గేరులో సన్నగా ఏడుపు వినబడింది.
"దాని బేరింగు చూడండబ్బా" అన్నా.
ఎవరూ రాసుకోలేదు.
నిన్న అది గోనెగండ్ల కాడ
యాభైమందితో నిలబడిపోయిందంట.

అందుకే ఇంకో అర్జీ.
నేను చెప్తాంటే షేకున్‌బీ రాసింది:
అయ్యా, తమరిచ్చిన కుర్చీ ముట్టింది.
ఇప్పుడు పని ఇప్పించండి.
చెవులు ఇంకా ఫిట్టుగానే ఉన్నాయి.

రసీదు కోసం కిటికీ కాడ నిలబడినా.
భోజనం టైము, ఆగమన్నారు.
ఆగినా.