బండ వాటా

బండ పక్క సాలుకు రాంగనే
ట్రింగుమన్నది కొంగుల ఫోను.
పత్తి గింజలు పెడుతున్న, సాలు ఇంక సగముంది.
చెయ్యి కడుక్కోనీకి నీళ్లు లేవు,
దుబ్బ చేతితోనే తీసి చూసిన.
అక్షరాలన్ని ఇంగ్లీషువి.
అంకెలు మాత్రం నన్ను ఎరిగినవే:
ఇరవై ఒక్క వేల రెండు వందల యాభై.

పైసలు మనోహర్ సారువి.
నాలుగెకరాల పది గుంటల చెల్క, పట్టా ఆయినది.
నంబరొక్కటి నాది.

ఎట్లంటె,
పాసుబుక్కులు కొత్తగ రాసిన యాడాది
పంచాయితీ కాడ బల్లేసుకొని కూసున్న పిలగాడు
"పట్టాదారు ఫోను నంబరు చెప్పుండ్రి" అన్నడు.
సారు ఆ నెలల సిమ్ము పోగొట్టుకొనుండె.
"ఈదమ్మా, నీది చెప్పు, తర్వాత మార్పిద్దాం."
చెప్పిన, పది అంకెలు,
బడిల పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు.
ఏడు పంటలు తీసినం,
ఆ తర్వాత అనేది ఇంక రాలే.

అప్పటి సంది సర్కారు
సారుకు పైసలిస్తది, నాకు కబురిస్తది.

మా చెల్కల సిగ్నలు దొరికేది ఒక్క కాడనే,
నడిమిట్ల బర్రె లెక్క పండుకున్న నల్లబండ మీద.
పది గుంటలు మింగింది అది.
నాగలి ఎరగదు, పురుగుమందు ఎరగదు,
ఎండకాలం నా కందులు ఆరబెట్టుకుంటది, అంతే.
పాసుబుక్కుల దాన్ని గూడ సాగు కిందనే రాసిండ్రు.
నా బిడ్డ సింధుజ లెక్క తీసింది:
"ఇరవై వేలు నేలదమ్మా,
ఆ తోక, పన్నెండొందల యాభై, బండది."
కింద గీత కొట్టింది.
నాది యాడ రాయాల్నో
కాయితంల జాగ దొరకలే.

ఎప్పుడొస్తె అప్పుడే బండెక్కేదాన్ని.
"పడ్డయి సారూ."
"మంచిది. వాన పడ్డదా?"
చెడ్డోడు కాదు సారు.
పోయినేడు కాయల పురుగు పడితె
కౌలుల రెండు వేలు ఇడిసిపెట్టిండు.
మాకన్ని పడుడే,
పైసలు పడ్డయి, వాన పడ్డది, రేటు పడ్డది,
మల్లేపల్లి మందుల దుకాణంల
నా పేరు కింద ఇంకో గీత పడ్డది.

ఈసారి బండెక్కలే.
ఎందుకో తెల్వదు.
ఫోను మల్ల కొంగుల చుట్టి
మిగిలిన సాలు పెట్టిన.
రాత్రి మెత్త కింద పెట్టుకున్న.
రూపాయి లేదు అందుల, తెలుసు.
అయినా మూడు దినాలు ఖర్చు పెట్టిన దాన్ని.
ఎనిమిది ప్యాకెట్ల ఇత్తనాల అరువు,
నాలుగు బస్తాల అడుగుమందు,
పాత బాకి మిత్తితోటి.
నిరంజనుకు దేవరకొండల నడుం ఫోటో తీపిచ్చుడు.
ఇంక మిగిలితె,
ఎన్నడన్న మిగిలినయా గని మిగిలితె,
సింధుజకు కండ్లద్దాలు.
నడుమ లెక్క తప్పి మల్ల మొదటికొచ్చిన,
మల్ల ఖర్చు పెట్టిన.
అంత కడుపునిండ ఎన్నడు ఖర్చు పెట్టలే.

నాలుగోనాడు సారే చేసిండు.
"ఈదమ్మా, పక్కోళ్లకు పడ్డయట, మనకు?"
మనకు, అన్నడు.
బండ మీద అరికాళ్లు కాలుతున్నయి.
"పడ్డయి సారూ."
"ఎప్పుడు?"
"గిప్పుడే."
జెరసేపు ఏం మాట్లాడలే.
ఆయినెనుక టీవీల ఎవరో నవ్వుతున్నరు.
"ప్రతిసారి నీకెందుకు తిప్పలు,
సోమవారం బ్యాంకుకు పోయి
నా నంబరు ఎక్కిచ్చుకుంట" అన్నడు.
మంచిగనే అన్నడు.
వాన పడ్డదా అని అడుగుడు మర్చిపోయిండు.

పడలే.
పెట్టిన గింజలు దుబ్బల
కండ్లు మూసుకొని ఉన్నయి.
బండ దిగబుద్ధి గాలే, కూసున్న.
కందులు ఆరబోసే కాడ దాని వీపు నున్నగుంటది,
అరచేత్తో రాసిన.
నీకన్న పడ్డయి పో, అన్న.