ముప్పై సెకన్లు

పుంటా అరేనాస్‌లో పెద్దగాలి వీచే రోజున
వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
జనం పట్టుకుని నడవడానికి.
ఆ గాలినే అంకెలు చేసి
కంప్యూటర్‌లో పోశాను.

ఉన్నవి మూడు అంబులెన్సులు.
ఎక్కడ నిలపాలో చెప్పే పథకాలు అయిదు.
ఒక్కోదానికీ ఇరవై ఉత్తుత్తి రాత్రులు నడిపాను.
పక్షపాతం లేకుండా అన్నిటికీ అవే రాత్రులు:
అదే గాలి, అదే మంచు పేరుకున్న వంతెన,
రెండూ పదికి రేవు దగ్గర జారిపడ్డ
అదే ముసలాయన.
పాపం, అయిదుసార్లు పడ్డాడు.

మొదట్లో మూడో పథకం మెరిసింది.
అన్నానికైతే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు.
రాత్రులు అలా ఉడకవు,
ఒకటి పలుకు, ఇంకొకటి మాడు.
మరో నలభై నడిపేసరికి మూడోది చతికిలబడింది.
ఒకటి, నాలుగు అంతకు ముందే తప్పుకున్నాయి.
ఓడేవాటి మీద కరెంటు దండగ.
మిగిలినవి రెండోది, అయిదోది,
గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లా పక్కపక్కనే.

"ముప్పై సెకన్ల లోపు తేడా అయితే
ఏదైనా ఒకటే" అన్నాను ఎవారిస్తోతో.
మా లెక్కల్లో దానికో పేరుంది, ఉదాసీన మండలం.
ఆ గీత లోపల ఏది గెలిచినా పట్టింపు లేదని
ముందే రాసిచ్చుకోవడం.

పందొమ్మిదేళ్ళుగా అంబులెన్సు నడుపుతున్నవాడు
తడి గ్లవుజులు హీటరు మీద ఆరేస్తూ అడిగాడు:
"పట్టింపు లేనిది ఎవరికి?"
కాసేపాగి,
"గడియారం చూస్తూ ఊపిరి బిగబట్టు" అన్నాడు.
ఇరవై రెండో సెకనుకి నాకు దగ్గొచ్చింది.

ముప్పై కొట్టేసి పది రాశాను.
గీతను మూడో వంతుకు కుదిస్తే
రాత్రులు తొమ్మిదింతలు కావాలి.
ఈ లెక్క బేరానికి ఒప్పుకోదు.
కెటిల్ రెండుసార్లు మరిగింది.
తెర వెనక ముసలాయన
పడుతూనే ఉన్నాడు, లేస్తూ, పడుతూ.

తెల్లారేసరికి తేలింది, రెండో పథకం.
నూటికి తొంభై అయిదు పాళ్ళు పూచీ.
తేడా పద్నాలుగు సెకన్లు,
నిన్నటి నా గీతకు ఆనని పద్నాలుగు.
మిగతా అయిదు పాళ్ళ సంగతి
అతను అడగలేదు, నేను ఎత్తలేదు.

గ్లవుజులు ఇంకా ఆరలేదు, అలాగే తొడుక్కున్నాడు.
బయట మునిసిపాలిటీ వాళ్ళు తాళ్ళు బిగిస్తున్నారు.
ఇంత గాలిని నేను అంకెల్లో పోశానో లేదో
ఎంతకీ గుర్తు రాలేదు.
ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో తాళాలు,
ఎవారిస్తో వంగి నడుస్తున్నాడు
బండి వైపు.