ఎద్దు కన్ను

రాత్రి డ్యూటీ దిగి
ఆస్పత్రి ఎదురుగా ఉన్న చర్చిలో కూర్చుంటాను.
ప్రార్థనకని కాదు,
బస్సు ఏడుంబావుకి,
ఆ రాతిగోడల మధ్య చల్లగా ఉంటుందని.

తూర్పు కిటికీలో పొద్దెక్కుతుంది.
రంగుటద్దాల పశువులకొట్టం,
కప్పు మీద జానెడు మంచు.
ఈ విమ్మెరా నేలలో మంచెవరు చూశారు!
డిసెంబరంటే ఇక్కడ గోధుమ కోతలు,
నలభై రెండు డిగ్రీలు, పెదాల మీద ఈగలు,
ఎక్కడో కాలుతున్న యూకలిప్టస్ వాసన.
నూరేళ్ల కిందట ఇంగ్లండులో ఓడెక్కి
పెట్టెలో గడ్డి చుట్టుకుని వచ్చిందట
ఈ చలి.

మరియమ్మని చూస్తే నాకు కోపమొస్తుంది.
నీలం పట్టు మీద ఒక్క ముడత లేదు.
ఇరవై ఆరేళ్లుగా పురుళ్లు పోస్తున్నాను,
రాత్రి కన్న మనిషి నడుం తెల్లారేసరికి
అంత నిటారుగా నిలవడం నేనెరగను.
వేణ్ణీళ్లేవి? పాతగుడ్డలేవి?
బొడ్డు ఎవరు కోశారు?
ముగ్గురు రాజులకీ, వాళ్ల ఒంటెకీ చోటుంది,
ఒక్క మంత్రసానికి లేదు.

పూలు మార్చడానికొచ్చే మర్టిల్‌తో ఈ మాటే అంటే
"రాజుల్ని వదిలెయ్, ఎద్దుని చూడు" అంది.

ఎద్దు కుడికన్ను వేరే రంగు.
యాభై తొమ్మిదిలో వడగళ్లకి పగిలితే
పైపులు బాగుచేసే క్లారీ డగన్
బీరుసీసా పెంకు అరగదీసి అతికించాడట.
మెల్బోర్న్ నుంచి అద్దాలావిడొకామె వచ్చి
ఈ ముక్క తీసేద్దామంటే
ఊరంతా అడ్డం పడిందట.
దిష్టిచుక్క చెరిపేస్తారా ఎవరైనా
అనుకున్నాను నేను,
ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం చేతకాక
ఊరుకున్నాను.

"ఆ సీసా మా నాన్న తాగింది
నేను పుట్టిన రాత్రి" అంది మర్టిల్,
వాడిన లిల్లీలు బకెట్లో కుక్కుతూ.

"నిన్ను చేతుల్లోకి తీసుకున్న నర్సు పేరు?"

బకెట్ కింద పెట్టింది.
చాలాసేపు ఆలోచించింది.
వడగళ్లెంత లావో చెప్పగలదు,
బీరు ఏ కంపెనీదో చెప్పగలదు.

అద్దంలో అందరి చూపూ బిడ్డ మీదే,
గొర్రెలది కూడా.
ఆ సీసాపెంకు కన్నొక్కటే
కాస్త వంకరగా కూర్చుని
బయటికి, బెంచీల వైపుకి చూస్తోంది.

తెల్లవారుజామున నాలుగూ పదికి ఒక మగపిల్లాడు,
అడ్డం తిరిగి, నీలంగా వచ్చి,
వీపు మీద రుద్దగా రుద్దగా ఏడ్చాడు.
నా బూటు మీద ఇంకా ఎండని మరక.
దాని మీదికొచ్చి ఆగింది
రూపాయి బిళ్లంత
టీ రంగు వెలుతురు.

కాలు కదపలేదు.
బస్సు వచ్చి, హారన్ కొట్టి,
వెళ్లిపోయింది.