దొరగారి ముక్కు

మిర్చి యార్డులో టిక్కీల మూతులు కుడతాను.
దబ్బనం, పురికొస, ముక్కుకి కట్టిన తువ్వాలు,
ఇరవై రెండేళ్ల దగ్గు.
గుంటూరు ఘాటు నాకు కొత్త కాదు.
కొత్తల్లా, శేషావతారం గారి కొట్లో
నాపరాయికి పొట్ట ఆన్చి పడుకున్న కుక్క.

బుల్‌డాగ్ అన్నారు. డెబ్బై వేలన్నారు.
పేరు దొర.

మొదట నవ్వొచ్చింది.
ఐదు కిలోల సరుక్కి పది కిలోల గోతం తొడిగినట్టు
మడతలు, మడతల్లో మడతలు.
తొడిమలు తీసే సామ్రాజ్యం రోజూ వాటిని తుడిచి ఆరబెట్టేది.
చెమ్మ నిలిస్తే పుండే మరి,
తడిసిన బస్తా సంగతి మాకొకళ్లు చెప్పాలా.
ఎడమ కంటి మూల రేగుపండంత ఎర్రటి కండ.
ముక్కు మాత్రం
ఎవరో తొందరలో రెండు కుట్లెక్కువేసి బిగించిన మూతి.
గాలి లోపలికెళ్లాలంటే బేరమాడుకోవాలి.

మార్చి ఆఖర్లో ఆ బేరం తెగలేదు.
లారీలు వెనక్కొస్తున్నాయి, యార్డంతా ఒకటే తుమ్ము.
దొర నాలుక నేరేడు రంగుకి తిరిగింది.
గురక ఆగింది.
ఆ గురకని తిట్టుకున్నవాళ్లమే అందరం,
ఆగేసరికి కాటా దగ్గర తలలన్నీ లేచాయి.

నేనే ఎత్తాను. బరువు!
తుంటి ఎముకలు చేతిలో వదులుగా కదిలాయి,
మేకు ఊడిన మంచం కోడులా.
సామ్రాజ్యం తాగే నీళ్ల బిందె దాని మీద ఒంపేసింది.
కొత్తపేట దాకా తువ్వాలుతో విసురుతూనే ఉన్నా.
ఆటో అబ్బాయి అద్దంలో చూసి,
“ఎవరికి బాలేదు?” అన్నాడు.

పర్వీన్ మేడం దాని దవడ తెరిచి చూపించింది.
“ముద్దొస్తుందని మనుషులే
తరతరానికీ ఇంత మొహం తగ్గించుకుంటూ పోయారు.
లోపలి అంగిలి మాత్రం తగ్గలేదు.
గొంతుకి అడ్డం పడుతోంది.
ఆడవైతే కాన్పులూ కత్తితోనే, చాలావాటికి.”

ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి
పక్కకి మూడేసి కుట్లు వేసింది.
కుట్టు చూసి మనిషిని చెప్పగలను నేను.
మంచి చెయ్యి.
వెళ్లబోతుంటే నా దగ్గు విని
నాకూ ఒక ఎక్స్‌రే రాసిచ్చింది.
కాగితం జేబులోనే ఉంది. సీజను కదా.

మొన్న ఓ టిక్కీకి
చివరి రెండు కుట్లు వదిలేశాను, ఎందుకో.
కాటా మీద గుప్పెడు కాయ రాలింది.
శేషావతారం గారు కేకలు.
దొర నింపాదిగా గుమ్మంలోకొచ్చి
రాలిన కాయని వాసన చూసి
తుమ్మింది,
గట్టిగా, మొదటిసారి,
ముక్కుతోనే.