అదే దమ్ము

హోసూరు రోడ్డు ఆసుపత్రిలో
పొద్దున ఏడింటికే టోకెన్ నూట పద్నాలుగు.
బెంచీ మీద నా తమ్ముడు ఓబుళేసు
చెప్పులు విప్పి, మడమలు పైకెత్తి కూర్చున్నాడు.
నేల వింటోందంట.

మొదట ల్యాప్‌టాప్ కెమెరాకి నల్లటేపు అంటించాడు.
అందరూ చేసేదే కదా అనుకున్నాం.
తర్వాత స్విచ్‌బోర్డులకి. గీజరు ఎర్రలైటుకి.
కదిరి నుంచి అమ్మ దిగిన రోజు
అమ్మ నుదుటి స్టిక్కరు బొట్టుకి.
అమ్మ కదల్లేదు.
ఆ టేపుతోనే రాత్రి వంట చేసింది.

జూనియర్ డాక్టరమ్మ కన్నడంలో మొదలుపెట్టి
మా మొహాలు చూసి తెలుగులోకి దిగింది.
ఎన్నాళ్లుగా? వారానికి ఎన్నిసార్లు?
గంజాయి అనే మాట ఆమె నోట్లో
ఉప్పు, చింతపండు అన్నంత మామూలుగా ఉంది.

మా తాత చిలుం తాగేవాడు మేడం,
కొండకింద బైరాగులతో, అరవై ఏళ్లు.
పోయే ముందురోజు కూడా
ఊళ్లో ఎవరెంత బాకీయో పైసలతో సహా చెప్పాడు.
ఆమె నవ్వలేదు, కాదనలేదు.
"ఆ ఆకు వేరు, ఇప్పటి సరుకు వేరు.
అందరికీ రాదమ్మా.
ఎవరికొస్తుందో ముందే చెప్పలేం, అంతే."

ఎదురుగా మణిపూర్ పిల్లాడు, వాళ్లన్న.
వెనక ఏదో ఆఫ్రికా దేశపు విద్యార్థి,
రూమ్మేటు భుజమ్మీద తల.
కోలారు పెద్దాయన ఒకే సంచిలో
కొడుకు ఫైలూ తెచ్చాడు, దర్గా తాయెత్తూ తెచ్చాడు.
ఎవరి గొంతులు వాళ్ల భాషలోనే వస్తాయట.
మావాడికి ఆఫీసులో, రూములో అంతా ఇంగ్లీషే,
తిట్లు మాత్రం కదిరి యాసలో వినబడతాయి.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా?"
అమ్మ నా మోచేయి గట్టిగా నొక్కింది.
నరసక్క పెద్దమ్మ బావి గిలకతో మాట్లాడేది.
ఆకు మొహం ఎరగదు.
పూనకమన్నాం, పసుపునీళ్లు పోశాం,
పెళ్లిళ్లకి మాత్రం పిలవలేదు.
చెప్పేశాను.
డాక్టరమ్మ ఒక గీత గీసి, కింద సున్నా చుట్టి
దాన్ని నల్లగా నింపింది.

ఆ పక్క గడి: మొదటిసారి ఎప్పుడు?

మడివాళ పీజీ మిద్దె మీద, వాన వెలిసిన రాత్రి,
తీయడం మరిచిన దుప్పట్లు నీళ్లోడుతుంటే
రెండు దమ్ములు లాగి, దగ్గి, నవ్వి
వాడి వేళ్ల మధ్య పెట్టింది నేనే.
అదే సిగరెట్టు. అదే నెత్తురు.
నాకు ఆకలేసింది,
బేకరీకి పోయి మూడు ఎగ్‌పఫ్‌లు తిన్నాను.
వాడు ఆకాశం దగ్గరికొచ్చిందన్నాడు.

ఎవరిచ్చారు అనే గడి ఆ కాగితంలో లేదు.
పెన్ను మూత పెట్టి ఇచ్చేశాను.

లోపలినుంచి నూట పద్నాలుగు అని పిలిచారు.
ఓబుళేసు లేచి, ముందు నా నుదురు చూశాడు.
ఇవాళ నేను బొట్టు పెట్టుకోలేదు.
"నీ దాంట్లో ఏమీ లేదులే అక్కా" అన్నాడు,
చెప్పులు చేతబట్టుకొని
మునివేళ్ల మీద నడుస్తూ,
నేలకి వినబడకుండా.