పద్దెనిమిది నుంచి రెండు వందల దాకా

కుషిరోలో మార్చి అంటే ఇంకా చలే.
తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ
కళ్ళజోడు మీది ఆవిరి ఆరేదాకా
గుమ్మంలోనే నిలబడింది.
ఆ తర్వాతే నన్ను చూసింది.

కెమెరా ఉందట, మేనల్లుడు వద్దన్నది.
లెన్సు కావాలి. ఒక్కటే.
పేరు ఒగాసవర తొమియె.
షిమోతొబెత్సు లైనులో ముప్పై ఒక్క ఏళ్ళు
టికెట్లకి చిల్లు పెట్టిన చెయ్యి.
ఈ నెలాఖరుకి ఆ లైను మూసేస్తున్నారు.

ముందు నా మామూలు పాఠమే అప్పజెప్పాను:
దగ్గరికొకటి, దూరానికొకటి,
రెండూ నిక్కచ్చి మనుషులు, నమ్మచ్చు.
ఆమె చేతితొడుగులు విప్పలేదు.
"వంతెన మీద సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద.
ఒకటి విప్పి ఇంకోటి బిగించేలోపు
మంచు లోపలికి పోతుంది,
బండి మలుపు తిరిగిపోతుంది."

వెనక అరలోంచి తీశాను, పాతది,
పద్దెనిమిది నుంచి రెండు వందల దాకా.
ఎవరో ఊళ్ళన్నీ తిప్పి అలిసి అమ్ముకున్నది,
అంకెల మీద తెల్లరంగు సగం చెరిగింది.

అబద్ధమాడి అమ్మే అలవాటు లేదు నాకు.
వెడల్పులో చూస్తే గీతలు వంగుతాయన్నాను,
ప్లాట్‌ఫారం అంచు కాస్త అలిగి మూతి ముడుస్తుంది.
చివరిదాకా లాగితే వెలుగు చాలదు,
అయిదు దాటాక బతిమాలుకోవాలి.
దూరపు కొండలు నునుపంటారు చూడండి,
ఈ గాజులో అది సామెత కాదు, లోపం.
అన్ని పనులూ వచ్చినవాడి లాంటిది ఇది,
ఏ పనికీ ముందు పిలవరు,
ఎవరూ దొరకనప్పుడు వాడే వస్తాడు.

ఆమె నవ్వింది మొదటిసారి.
"నా ఉద్యోగమూ అదే.
టికెట్లు, తలుపులు, దీపాలు,
పట్టాల మీద జింక పడుకుంటే దిగి అదిలించడం,
నిద్రపోయిన బడిపిల్లాణ్ణి
వాడి స్టేషన్లో లేపి దింపడం."

ఇంకొక్క లోపం మిగిలింది. దాచుదామనే అనుకున్నాను.
కెమెరాకి బిగించి నేలకేసి వంచాను.
గొట్టం తనంతట తానే జారి సాగింది
కునికే ముసలాయన గడ్డం రొమ్ముకి చేరినట్టు.
"బిగువు పోయింది. ధర తగ్గిస్తాను."

ఆమె తీసుకుని వంచింది. ఎత్తింది. మళ్ళీ వంచింది.
"వంతెన మీంచి కిందికే కదా చూసేది," అంది,
"నేను చెప్పకముందే వంగుతుంది ఇది.
ధర అలాగే ఉంచండి."
నేను మాత్రం తగ్గించాను.

ఏప్రిల్ రెండోవారంలో వచ్చింది కార్డు పట్టుకుని.
నాలుగు వందల పన్నెండు బొమ్మలు.
దూరంగా పొగమంచులో బండి ఉంటుందనుకున్నాను,
తొమ్మిదే ఉన్నాయి, అవీ వణికినవి.
మిగతావన్నీ పద్దెనిమిదిలో, ఇరవై నాలుగులో:
మోచేతులు అరగదీసిన కిటికీ చట్రం,
డ్రైవరు మెడ మీద పుట్టుమచ్చ,
సీటు కింద ఎవరిదో ఒంటి చేతితొడుగు,
చిల్లుల యంత్రం నోట్లో చిక్కిన పచ్చకాగితం ముక్క.
అంత దగ్గరగా చూడాలంటే
ముప్పై ఒక్క ఏళ్ళు తీరిక దొరకలేదేమో.

చివరిది ఒక్కటే రెండు వందల దగ్గర తీసింది.
వంతెన మీంచి, ఆఖరి పెట్టె వెనక కిటికీ.
ఆమె చోటులోకి వచ్చిన కుర్రాడు
చెయ్యెత్తాడు, లేదా అద్దం తుడుస్తున్నాడు.
వేళ్ళు వేళ్ళలా లేవు, మసక.

"స్పష్టంగా లేదు కదా?"
"లేదండి."
"అదే పెద్దది వెయ్యండి."

డబ్బు లెక్కపెడుతూ గుర్తొచ్చినట్టు అడిగింది,
లెన్సు మూత ఇంకోటి ఉందా అని.
బండి వెళ్ళాక చేతిలోంచి జారిందట,
పట్టాల మధ్య పడింది,
పైనుంచి కనబడుతూనే ఉందట నల్లగా.
దిగి తెచ్చుకోవచ్చు, ఇక ఏదీ రాదు ఆ దారిన,
తేలేదు.

సొరుగులో వెతికాను. అరవై ఏడు, డెబ్బై ఏడు,
పగిలిన అరవై రెండు.
డెబ్బై రెండు దొరకడానికి చాలాసేపు పట్టింది.
ఆమె ఏ తొందరా లేనట్టు
నా చేతుల్నే చూస్తూ నిలబడింది.